సరిపోయిన కొలత

నేల వాలూ, మట్టీ, వానా లెక్కకట్టి బావుల్లో నీరు ఎంత లోతున ఉంటుందో ముందే చెప్పాలని మా ఆఫీసు తంటాలు పడుతున్న రోజులవి. ఎనభైల మొదట్లో. ఆ లెక్క నిజమో కాదో తేలాలంటే బావులు కొలవాలి. అది నా పని. ఆ రోజు ఎండకు బద్ధకించి, తగరపువలస టీకొట్లో కూర్చుని, లెక్క చెప్పిన అంకెలనే కొలతలుగా రాసేశాను.

తిరుగు బస్సులో, ఆనందపురంలో ఎక్కిన ముసలి రైతు నన్ను గుర్తుపట్టాడు.

“బావి కొలిసే బాబువి కదూ? కొలిసే ముందు నీల్లు తోడొద్దన్నావని నిన్నట్నుంచి ఏతం ఆపేసినాను. వంగనారు వాడిపోనాది. నువ్వు రాలేదని నానే కొలిసి మీ ఆపీసుకి అట్టుకెల్తన్నాను.”

సంచిలోంచి తాడు తీశాడు. నీళ్లు తగిలినచోట ముడి వేసి ఉంది.

తడి తగలని నా టేపుతో ఆ తాడును ముడి దాకా కొలిచాను. ఇరవై ఒక్క అడుగులు. నా పుస్తకంలో ఆ బావికి పన్నెండు.

“సరిపోయిందేటి బాబూ?”

“సరిపోయింది తాతా.”

“అయితే ఎల్లి నారుకి నీల్లెడతాను” అంటూ తాడు నా చేతిలో పెట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

మా లెక్క కొలతలతో అచ్చంగా కలిసిందని ఆఫీసులో అందరూ మెచ్చుకుంటుంటే, నా చేతిసంచిలోని ఆ తాడు ముడిని తడుముకుంటూ నిలబడ్డాను.