పొయ్యి చోట పిల్లర్

మెట్రో సర్వేయర్ శ్రీరామమూర్తికి ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే బందులంటే లోలోపల ఇష్టంగా ఉండేది. మామూలు రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్య నిలబడి కొలతలు తీయడం ప్రాణాల మీదికొచ్చే పని. బందు నాడు రోడ్డంతా ఆయనదే. పిల్లర్ రావలసిన చోట ఎర్ర రంగుతో గుర్తు వేసి, ఆరిందో లేదో మునివేళ్లతో తాకి చూసేవాడు. ఆ వేళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఒక్క రోజు మాత్రం పొరబడ్డాడు. ఆ నాటి బందు రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు అని తెలుసుకోకుండా వచ్చాడు. గుర్తు వేయాల్సిన చోటే మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అన్నం గుండిగ.

"ఏ ఊరు సారు నీది?" నినాదాలిస్తున్నవాళ్లలో ఒకడు గద్దించాడు.

"తణుకండి," అన్నాడు, అబద్ధం నోటికి రాక. నినాదాలు ఆగిపోయాయి. చేతిలోని రంగు డబ్బా కింద పెట్టాడు.

వండుతున్న లింగమ్మ గరిటె ఎత్తింది. "ఏ ఊరైతేంది, ఆకలి గాదా? కూసో సారూ. తిని లేసినంక నీ గుర్తు ఏసుకో."

విస్తరాకులో వేడి పప్పన్నం తిన్నాడు. అందరూ లేచాక బూడిద ఊడ్చి, ఆ నల్లటి మచ్చ మీదే గుర్తు వేశాడు.

రిటైరయ్యాక కూడా ఎల్బీనగర్ రైలెక్కే ముందు ఆ పిల్లర్ దగ్గర ఆగుతాడు. వంగి, దాని మొదలును మునివేళ్లతో తాకుతాడు, పొయ్యి ఇంకా వెచ్చగా ఉందేమో చూస్తున్నట్టు.