నెమ్మదించిన ఫోను

మా తాతయ్యకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ లోటు పూడ్చడానికా అన్నట్టు నోరు మాత్రం దండిగా ఉంది. ఇంట్లో కూర్చుంటే తుప్పు పడతానని, ఈ వయసులోనూ ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తున్నాడు. అవతలివాళ్లు ‘హలో’ అనడం పూర్తయ్యేలోపే గొంతు పోల్చేవాడు.

ఆయన ఫోను తెర మీద ఉన్నదల్లా పైకి చదువుతుంది. వేలు ఎక్కడ ఆనితే అక్కడిది చెబుతుంది. తాతయ్య దాన్ని ఎంత వేగంగా పెట్టుకున్నాడంటే, వినేవాళ్లకు రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టుండేది. మిగతావాళ్లు కళ్లజోడు వెతుక్కునేలోగా ఆయన పేపరంతా వినేసి, దాని మీద తగువు కూడా మొదలుపెట్టేవాడు. చిక్కల్లా బ్యాంకు యాప్‌తోనే. అందులో ఏది ముట్టుకున్నా ‘బటన్’ అనేది. “కన్నపిల్లలందరికీ ఒకటే పేరు పెట్టాడే వీడెవడో!” అని తిట్టుకుంటూ, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని పని కానిచ్చేవాడు.

“మీ చిన్న పెళ్లాం ఏం వాగుతోందో మాకూ కాస్త చెప్పండి,” అనేది నానమ్మ.

“మొగుడూ పెళ్లాల మాటలు నీకెందుకే?”

ఒకప్పుడు ఆయనకొచ్చే ఉత్తరాలన్నీ ఇంకొకరు చదివి వినిపించినవే. ఇప్పుడు నలుగురి మధ్య కూర్చునే తన సంగతులు తానొక్కడే వినగలడు. ఆ వేగమే ఆయన గది తలుపుకు గడియ.

వానలు మొదలయ్యే రోజుల్లో ఫోను మాటల చివర్లు జారిపోసాగాయి. పాడైందేమోనని రిపేరు షాపుకు పట్టుకెళ్లాడు.

“ఫోను శుభ్రంగా ఉంది పెద్దాయనా,” అన్నాడు షాపతను.

ఆ మాట కూడా రెండోసారి చెప్పించుకోవలసి వచ్చింది. చెడింది ఫోను కాదని, తన చెవులని తాతయ్యకు అప్పుడర్థమైంది. ఆయన నడిచేది చెవులతో, ఉద్యోగం చేసేది చెవులతో, మా ముఖాలు చూసేది కూడా చెవులతోనే. ఎవరికీ చెప్పలేదు. ఫోను వేగం ఒక మెట్టు తగ్గించాడు. కొన్నాళ్లకు ఇంకో మెట్టు.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. “మీ ఆవిడ దారికొచ్చిందండోయ్! మనిషిలా మాట్లాడుతోంది,” అంది నానమ్మ. తాతయ్య కూడా నవ్వాడు. తన సంగతులు బయటపడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుందామంటే, చెవులు మూసుకుపోయి ఎవరు ఎటు నడుస్తున్నారో తెలియదాయె.

ఒకరోజు పిల్లల వార్డు అడిగిన తల్లిని ఇంకెక్కడికో కలిపేశాడు. ఆమె మళ్లీ ఫోన్ చేసి ఏడ్చింది. ఆ సాయంత్రమే తాతయ్య గుట్టుగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

మర్నాడు అన్నాల వేళ మెసేజ్ వచ్చింది. అలవాటు కొద్దీ వేలు ఆనించాడు. ఫోను బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చదివింది: “మీ పరీక్ష రిపోర్టు వచ్చింది. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తగ్గింది. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రండి.”

గరిటె గిన్నెలో పడిన చప్పుడైంది.

“తెలిసిపోయిందిగా, ఇంక తిట్టు,” అన్నాడు తాతయ్య నవ్వబోతూ.

జవాబు రాలేదు. నానమ్మ ఏమీ అనలేదో, అన్నది తనకు వినపడలేదో ఆయనకు తెలియలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె ముఖం వెతికాడు. వేళ్లకు పెదవులు తగిలాయి. అవి కదులుతున్నాయి.