తూటా తగిలిన అన్న

గుర్రం మీద తిరిగే టోపీ వీరుని సీరియల్ ఆదివారం పొద్దున, మేము చర్చిలో ఉండే వేళకే టీవీలో వచ్చేది. పక్కింటి దోస్తు చూసి కథ చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. ఒకసారి వీరునికి తూటా తగిలిందన్నాడు. మరుసటి ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మనవులు అడగగానే లేచి, "తూటా తగిలిన ఒక అన్న కోసం" అన్నాను. ఎవరని అడగకుండానే సంఘమంతా మోకరించింది.

ఆరాధన అయ్యాక దోస్తు దగ్గరికి ఉరికాను.

"బతికిండారా?"

"లేచి గుర్రమెక్కిండు!"

"మేం ప్రార్థన చేసినం, గందుకే బతికిండు."

"చేస్తే చేసిన్రు తీయ్. సూసింది నేను గదరా!"

చూడకుండా నమ్మడమే ధన్యత అని ఇప్పుడు సంఘానికి నేనే బోధిస్తాను, మనసారా నమ్ముతాను. అయినా మేమంతా ప్రార్థించిన మనిషి లేవడం వాడొక్కడే చూశాడన్న కుళ్లు నాకింకా పోలేదు.