ఒక బొత్తాం తేడా

వెర్నా టిబెట్స్‌ని మీరు చూసే ఉంటారు. చూసినట్టు గుర్తుండదు, అంతే. ఇరవై ఏడేళ్ళపాటు ఆవిడ రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఖాళీ సూట్‌కేసు లాక్కుంటూ నడిచింది. ఆసుపత్రి వరండాల్లో బల్లల మీద కూర్చుంది. హీరోయిన్ ఏడుస్తున్న హోటల్లో వెనక బల్ల దగ్గర చల్లారిపోయిన సూపు పదకొండుసార్లు తాగింది. ఒక్కసారి కూడా ఎవరి కంటా పడలేదు. మా పనిలో అంతకన్నా గొప్పతనం లేదు.

నా పేరు గస్ మనూకియన్. గ్లెండేల్‌లో ముప్ఫై ఏళ్ళు చెప్పుల కొట్టు నడిపి, అది మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాను. మమ్మల్ని ఎక్స్‌ట్రాలంటారు, జూనియర్ ఆర్టిస్టులంటారు. సెట్లో అయితే ‘బ్యాక్‌గ్రౌండ్’ అని కేకేస్తారు, మనుషుల్ని కాక వెనకున్న గోడని పిలిచినట్టు. ఆటలో అరటిపండ్లం. ఆ పిలుపంటే నాకిప్పటికీ మంటే. వెర్నా మాత్రం ఎప్పుడూ ఏమీ అనుకోలేదు.

నాకు పని నేర్పింది ఆవిడే. మొదటిరోజు ఏదో విందు దృశ్యం. కబుర్లు చెప్పుకుంటున్నట్టు నటించమన్నారు. నేను నిజంగానే పక్కవాడితో బీట్‌రూట్ ఊరగాయ గురించి గట్టిగా మాట్లాడి, హీరో డైలాగు మీద పడి, షాట్ పాడుచేశాను. అందరూ నన్ను మింగేసేలా చూస్తుంటే వెర్నా పక్కకి వచ్చి నిలబడింది.

“నోరు ఆడించు నాయనా. గొంతు మాత్రం ఇంట్లో పెట్టి రా,” అంది.

ఆ తరవాత పదేళ్ళలో మేమిద్దరం కొన్ని వందల కబుర్లు చెప్పుకున్నాం, ఒక్క అక్షరం బయటికి రాకుండా. మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం గొంతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. నేను ఇంటి నుంచి లవాష్ రొట్టె, జున్ను తెచ్చేవాణ్ణి. ఆవిడ వాళ్ళాయన సంగతులు చెప్పేది.

వాళ్ళాయన లయిల్. ఒకప్పుడు మమ్మల్ని పార్కింగ్ స్థలం నుంచి సెట్‌కి చేరవేసే బస్సు నడిపేవాడు. పెళ్ళి సంబంధం ఆ బస్సులోనే కుదిరింది. వెర్నా సొంత చెల్లెలు నోరీన్‌కి అక్క పని మీద చులకన. “మా అక్క ఆ సీరియల్‌లో ఉందంటుంది. నేను కళ్ళు కాయలు కాచేలా చూశాను, ఎక్కడా లేదు,” అని నలుగురిలో నవ్వేది. లయిల్‌కి మాత్రం ఎప్పుడూ కనబడేది. టీవీ ఆపి, లేచి, తెర దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించేవాడట. అదిగో నీ మోచెయ్యి, అదిగో నీ గొడుగు అని. రెసిడాలో వాళ్ళ అద్దె ఇంట్లో టీవీ తెర మీద ఎప్పుడు చూసినా ఆయన వేలిముద్రలే.

కిందటేడు లయిల్‌కి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలింది. వైద్యానికి ఆధారం వెర్నా బీమా ఒక్కటే. మా సంఘం ఆ బీమా ఇచ్చేది ఏడాదిలో ఇన్ని రోజులని పనిచేసినవాళ్ళకే. గడువు ఆగస్టు నెలాఖరు. ఆయన్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోవడంతో ఆవిడకి తొమ్మిది రోజులు తక్కువ పడ్డాయి.

అప్పుడే బర్‌బ్యాంక్‌లో ఒక సినిమాకి కోర్టు సెట్ వేశారు. పన్నెండు మంది జ్యూరీ కావాలన్నారు, పన్నెండు రోజుల పని. వెర్నాకి ఏడో కుర్చీ వచ్చింది, నాకు ఎనిమిది.

జ్యూరీ పని హాయి అనుకుంటారు, కూర్చునే డబ్బులిస్తారు కదా అని. నిజానికి దానికో కట్టడి ఉంది. కథలో అదంతా ఒకే రోజు, తీర్పు చెప్పే రోజు. ఆ ఒక్కరోజునే పన్నెండు రోజులు తీస్తారు. అంటే పన్నెండు రోజులూ అదే బట్ట, అదే జుట్టు, అదే కుర్చీ. ఒకరోజు రాకపోతే మీ కుర్చీ ఖాళీగా కనబడుతుంది, అప్పటిదాకా తీసినదంతా దండగ. అలాంటివాళ్ళని మళ్ళీ జన్మలో పిలవరు. కథలో జనవరి కాబట్టి ఆగస్టు ఎండలో ఉన్ని బట్టలు తెచ్చుకోమన్నారు. బట్టలు ఎప్పుడూ మా సొంతవే.

మొదటిరోజు మంగళవారం. ఆ పొద్దున వెర్నా జుట్టు చుట్టుకుంటుంటే లయిల్ ఆమె ఆకుపచ్చ స్వెట్టరు బొత్తాలు తను పెడతానన్నాడట. మందుల మూలంగా ఆయన వేళ్ళు మొద్దుబారిపోయాయి. స్పర్శ తెలీదు. అయినా, “ఏదో ఒక పని నన్నూ చెయ్యనీవే,” అని పట్టుబట్టాడు. వెర్నా గడియారం చూసుకుంటూనే నిలబడింది. అద్దంలో చూసుకోకుండా బయల్దేరింది.

సెట్లో మార్గిట్ అని కంటిన్యుటీ చూసే ఆవిడ ఉంటుంది. నిన్నటి షాట్‌కి, ఇవాళ్టి షాట్‌కి వెంట్రుకవాసి తేడా రాకుండా కాపలా కాస్తుంది. పన్నెండు మందినీ వరసగా ఫోటోలు తీసింది. మధ్యాహ్నం దాకా షూటింగ్ అయ్యాక నేనే మొదట గమనించాను. వెర్నా స్వెట్టరు ఒక బొత్తాం తేడాగా పెట్టి ఉంది. రెండో బొత్తాం మొదటి కాజాలో దూరింది. మెడ దగ్గర ఒక పక్క ఎత్తుగా, కింద ఒక కాజా ఖాళీగా, బడికి ఆలస్యమైన పిల్లలా ఉంది. చెప్తే సరిచేసుకోబోయింది. మార్గిట్ పరుగున వచ్చి ఆపింది.

“ముట్టుకోవద్దు. ఫోటోలో అలాగే ఉంది.”

“తప్పుగా పెట్టుకున్నానమ్మా,” అంది వెర్నా.

“తప్పో ఒప్పో నాకనవసరం. ఫోటోలో ఉన్నదే నిజం.”

అలా ఆ తప్పు చట్టమైపోయింది. మర్నాటి నుంచి లయిల్‌కి ఉద్యోగం దొరికింది. వెర్నా వేళ్ళు అలవాటు కొద్దీ సరైన కాజాలోకే పోతాయి కాబట్టి రోజూ పొద్దున ఆయనే తప్పుగా పెట్టి పంపేవాడు. కాఫీ పక్కన పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని మరీ పెట్టేవాడట. “వాళ్ళ సినిమాలో నా చేతిపని కూడా ఉంది. చూసుకో, నీ పేరైనా వెయ్యరు గానీ,” అని ఉడికించేవాడట. ఇది చెబుతూ వెర్నా నవ్వింది. ఆ వేసవిలో నేను చూసిన నవ్వు అదొక్కటే.

నాలుగో రోజున మరో పాఠం. లాయరు వేషంలో హీరో గుండెలు పిండేలా మాట్లాడుతున్నాడు. నాలుగో కుర్చీలో కుర్రాడొకడు, పేరు తెచ్చుకోవాలన్న తహతహ కాబోలు, ఎవరూ అడక్కుండా బొటబొటా కన్నీళ్ళు కార్చాడు. డైరెక్టర్ టేకు ఆపేశాడు. జనం హీరోని చూడాలా, నాలుగో కుర్చీని చూడాలా అని అడిగాడు. కుర్రాణ్ణి స్తంభం చాటుకి జరిపి, ఆ మూల ఇంక కెమెరాయే తిప్పలేదు. తరవాత మా వరసంతా చూసి, వెర్నా దగ్గర ఆగి, “ఏడు బావుంది. ఏమీ చెయ్యట్లేదు,” అన్నాడు. మా పనిలో బిరుదు లాంటిది ఉంటే అదే.

శుక్రవారంతో తొమ్మిది రోజులు నిండాయి. సాయంత్రం బస్సులో వెర్నా ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. అవతల ఆయన గొంతు నాక్కూడా వినిపించింది.

“అయితే ఇంకో ఏడాది దాకా నాకు చావటానికి వీల్లేదన్నమాట.”

సోమవారం పొద్దున ఐదున్నరకి ఎప్పటిలాగే పార్కింగ్ దగ్గర బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. లవాష్ ఇస్తే వద్దంది. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కాబట్టి నేనేమీ అనుకోలేదు. సెట్లో కూర్చున్నాక మార్గిట్ ఫోటోల కట్టతో వచ్చి మా వరస తనిఖీ చేసింది. ఏడు దగ్గర ఆగింది.

“ఇవాళ బొత్తాలు సరిగ్గా ఉన్నాయి,” అంది. ఫిర్యాదు అది.

వెర్నా కిందికి చూసుకుంది. విప్పి మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ సరిగ్గానే వచ్చాయి. ఇంకోసారి విప్పింది. మొహం మారలేదు. వేళ్ళు మాత్రం మాట వినలేదు. అసిస్టెంటు డైరెక్టర్ తొందరపెడుతోంది. నేను వంగి, మార్గిట్ చేతిలో ఫోటో చూస్తూ, ఆ బొత్తాలని ఒక కాజా తేడాగా పెట్టాను. నాకు హాస్యమెక్కువ.

“రోజూ పెట్టేవాడు ఇవాళ సెలవు పెట్టాడా ఏంటి?” అన్నాను.

“లేడు,” అంది.

“ఎక్కడికెళ్ళాడు?”

“నిన్న పొద్దున పోయాడు, గస్.”

అప్పుడే గంట మోగింది. ఎర్ర దీపం వెలిగింది. నిశ్శబ్దం అన్నారు. కెమెరా తిరగడం మొదలైంది. నా చేయి ఇంకా గాల్లోనే ఉంది. దించి ఒళ్ళో పెట్టుకున్నాను. నలభై నిమిషాలు నేనొక్క మాట మాట్లాడ్డానికి లేదు, తల తిప్పడానికి లేదు. ఎదురుగా హీరో లాయరు అరుస్తున్నాడు. నా పక్కన ఆవిడ ఊపిరి మామూలుగానే ఆడుతోంది. ఆ తరవాత టేకులెన్ని అయ్యాయో గుర్తులేదు.

భోజనం దగ్గర ఆవిణ్ణి ఒక మూలకి తీసుకెళ్ళాను. నాకు కోపమే వచ్చింది. దేనిమీదో తెలీదు.

“ఇంటికి పో వెర్నా. నీ రోజులు శుక్రవారంతోనే నిండాయి. ఇంక ఆ బీమా ఎవరికి?”

అనకూడని మాట. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆవిడకి తగిలినట్టు కూడా లేదు. రొట్టె ముక్క తుంచి, తినకుండా పళ్ళెం అంచున పెట్టింది.

“ఎవరికీ చెప్పకు. చెప్తే జాలిపడి పంపించేస్తారు,” అంది. పళ్ళెం పక్కకి జరిపి, “ఇంట్లో ఆదివారం అయిపోయింది. ఇక్కడింకా మొదటి మంగళవారమే. ఇందాకే లయిల్ నాకు బొత్తాలు పెట్టి పంపించాడు. ఇంకో రెండు రోజులు నన్ను ఇందులో ఉండనీ,” అంది.

లవాష్ చుట్టి సంచిలో పెట్టేశాను.

ఆదివారం సంగతులు అప్పుడు రెండు ముక్కల్లో చెప్పింది. శనివారం ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. తెల్లవారి, నర్సు దుప్పటి సరిచేస్తుంటే అయిపోయిందట. నోరీన్ వచ్చి ఖననం ఏర్పాట్లు చూస్తోంది, శుక్రవారానికి పెట్టుకున్నారు. అంతే. ఏ సినిమా కథో చెప్పినట్టుగా కూడా చెప్పలేదు.

మంగళవారం కెమెరాని పట్టాల మీద మెల్లగా మా మొహాల ముందునుంచి జరిపారు. లాయరు ఆ సమయంలో చచ్చిపోయినవాడి పెళ్ళాం గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడ పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కలిపి ఒకటి పారబోస్తుందట. ఎవడు రాశాడో గానీ వాడి చేతులు పడిపోను. కెమెరా ఏడు దగ్గరికొచ్చింది. వెర్నా ఏమీ చెయ్యలేదు. కెమెరా ఎనిమిది దగ్గరికొచ్చింది. పదేళ్ళ అనుభవమున్న ముసలివాణ్ణి, వెక్కి ఏడ్చాను.

“ఎనిమిదిగారూ, ఏంటండీ అది?” అంది అసిస్టెంటు.

కళ్ళల్లో దుమ్ము పడిందన్నాను. మళ్ళీ తీశారు. ఈసారి కెమెరా నా వైపు వస్తుంటే వెర్నా మా ముందున్న చెక్క అడ్డు చాటున నా మోకాలు గట్టిగా గిల్లి పట్టుకుంది, అది దాటేదాకా వదల్లేదు. ఆవిడకి రావలసిన ఓదార్పు కూడా నేనే తీసేసుకున్నానని ఆ రాత్రంతా సిగ్గుపడ్డాను.

బుధవారం ఆఖరి రోజు. పొద్దున బొత్తాలు నేనే పెట్టాను. సాయంత్రం నాలుగింటికి తీర్పు చదివారు. నిర్దోషి అన్నారో దోషి అన్నారో, ఒట్టు, నాకు తెలీదు. జ్యూరీ పని అయిపోయిందని ప్రకటించగానే పదకొండు మందిమీ ఉన్ని కోట్లు విప్పి పారేశాం. మార్గిట్ ఫోటోలు పెట్టెలో సర్దుకుంటూ వెర్నాతో ప్రేమగానే, “ఇంక హాయిగా సరిగ్గా పెట్టుకోండమ్మా,” అంది. వెర్నా సరేనంది. తల వంచి ఆ బొత్తాల వైపు చూసింది. ఒక చెయ్యి పైకెత్తి, మళ్ళీ దించేసింది. బయట ఎండకి తారు మెత్తబడుతోంది. ఆవిడ ఆ స్వెట్టరుతోనే బస్సెక్కింది.

శుక్రవారం శ్మశానానికి వెళ్ళాను. పదిహేను మందిమి ఉంటాం, సగం మంది మా వాళ్ళే. చావు సీన్లలో ఎక్కడ నిలబడాలో మాకు అలవాటే. ఎవరూ చెప్పకుండానే వెనక వరసల్లో సర్దుకున్నాం. ముందు వరసలో వెర్నా ఉంది. నల్ల గౌను మీద ఆకుపచ్చ స్వెట్టరు. ఒక బొత్తాం తేడాగా పెట్టి ఉంది, సరిగ్గా ఆ తేడాగానే. ఎన్నిసార్లు విప్పి పెడితే ఆ వేళ్ళకి తప్పు చెయ్యడం వచ్చిందో.

పాదిరి ప్రార్థన మొదలుపెట్టబోతుంటే నోరీన్ అక్క వంక చూసి, అయ్యో ఇదేం అవతారం అని గొణిగి, పై బొత్తాం మీద చెయ్యి వేసింది. వెర్నా కదల్లేదు, వారించలేదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే అలాగే నిలబడిపోయే మనిషి. అందరూ చూస్తుండగా నేను వెనక వరసలోంచి ముందుకు నడిచాను. నా వృత్తిలో అంత పెద్ద తప్పు ఇంకోటి లేదు.

“ముట్టుకోకమ్మా,” అన్నాను నోరీన్‌తో. “ఫోటోలో అలాగే ఉంది.”