చెరిపేసిన ఎర్రగీత

దర్జీ అక్కకు శుభ్రం పిచ్చి. కొట్టు ముందు రోడ్డు మీద ఎవరో గీసి వెళ్లిన ఎర్రరంగు గీత, కింద ఏదో ఉందని చెప్పే గుర్తేనని తెలిసినా, చూడబుద్ధి కాక రుద్ది కడిగేసింది. మర్నాడు నీళ్లపైపు కోసం తవ్వుతున్న మేస్త్రీ గడ్డపార సరిగ్గా అక్కడే కరెంటు కేబుల్లో దిగింది. భగ్గున మంట లేచి అతని కుడిచెయ్యి కాలింది.

ఆసుపత్రిలో ఆమె భోరుమంది. "అన్నా, ఆ గీత చెరిపింది నేనే."

"గీత కనపడకపోతే కేబుల్ ఎక్కడుందో మళ్లీ వెతికించాకే తవ్వాలి. తొందరపడింది నేనమ్మా," అన్నాడతను.

ఆ మాటతో ఆమె మనసు తేలికపడలేదు. అతని వేళ్లు మళ్లీ సరిగా ముడుచుకోలేదు. గుండీలు పెట్టుకోలేకపోతున్నాడని విని, నొక్కితే పట్టేసే టిచ్ బటన్లతో చొక్కాలు కుట్టి పంపింది. అతను ఒకటి తొడుక్కుని కొట్టుకొచ్చి, "అతికినట్టు కుదిరిందమ్మా," అన్నాడు. ఆమె కుట్టుమిషను మీంచి తల ఎత్తలేకపోయింది.