ఎండ కోసం ఆగిన గులాబీలు

1954 ఫిబ్రవరి 21, ఆదివారం, ఉదయం తొమ్మిదింటి బస్సు. ఊరి బయటి పూలతోటలో ఆరుగురు ఆడపిల్లలకు పూల ఫోటోలు తీయడం నేర్పించి నాంపల్లికి ఒంటరిగా తిరిగి వస్తున్నాను. వెలుతురు చాలదని, ఎండ వచ్చేదాకా గులాబీలు కోయించవద్దని తోట యజమానిని అడిగింది నేనే.

నా పక్కన ఒకామె పూలగంపతో కూర్చుంది. బస్సు కుదిపినప్పుడల్లా రేకలు రాలుతున్నాయి.

"మొగ్గలన్నీ ఇచ్చుకొని పువ్వులైనయమ్మా," అంది. "పెండ్లికొడుకు మొఖానికి గట్టే పూల సెహరా అల్లేటాయనకు మొగ్గలే గావాలె. ఎవరో ఫోటువలు దీసేటోళ్లు వచ్చిన్రని, పొద్దెక్కేదాంక మమ్మల్ని తెంపనియ్యలే. గాళ్లకేంది, బొమ్మల పువ్వు వాడిపోదు గద."

నేను కెమెరా సంచిని కాళ్ల వెనక్కి జరిపాను.

"అండ్ల ఏమున్నయమ్మా?"

"పుస్తకాలు," అన్నాను.

ఆమె ఒక గులాబీ ఏరి నా చేతిలో పెట్టింది. "పెట్టుకో. ఇగ గివి ఎవరు గొంటరు."

నాంపల్లిలో ఇద్దరం దిగాం. సెహరాల దుకాణం ముందు ఆమె గంప దించింది. దుకాణదారు పూలు చూసి, రేపటి నుంచి వేరేవాళ్ల దగ్గర కొంటానన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

రీలులోని నా ఎనిమిది ఫోటోలూ బాగా వచ్చాయి. ఆమెకు పోయినవి ఒక గంప గులాబీలు, రోజూ కొనే ఒక దుకాణం.