అరగంటలో అయిన పరీక్ష

కల్లంలో మిరపకాయలు తిరగేసేటప్పుడు అందరం దగ్గుతాం. ఆ ఉదయం మా ఆయన దగ్గలేదు. బస్తా సగం ఎత్తి దించేసి, దాని పక్కనే చతికిలబడ్డారు. దగ్గడానికి కూడా ఊపిరి చాలడం లేదని అప్పుడే అర్థమైంది.

"కాయ ఘాటులే," అన్నారు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

మర్నాడు గుంటూరు తీసుకెళ్లాను. ఆసుపత్రిలో గుండెకు యాంజియోగ్రామ్ చేయాలన్నారు. కొన్నేళ్ల కిందట మా నాన్నకు తొడ దగ్గర నుంచి గొట్టం పంపి చేశారు. రక్తం ఆగడానికి ఇసుక మూట పెట్టి, రోజంతా కాలు కదపనివ్వలేదు. నేను దానికే సిద్ధపడి దుప్పట్లు కూడా పట్టుకెళ్లాను.

ఈ డాక్టరుగారు మా ఆయన కుడి మణికట్టును రెండు పక్కలా నొక్కిపట్టారు. అరచెయ్యి పాలిపోయింది. ఒక పక్క వదలగానే మళ్లీ ఎర్రబడింది.

"చేతికి రెండు దారుల్లో రక్తం వస్తుందమ్మా. ఒకదాంట్లో మేం వెళ్లినా రెండోది చెయ్యిని కాపాడుతుంది. రక్తం పోతుందన్న భయం తక్కువ. వెంటనే లేచి తిరగొచ్చు."

అరగంటలో అయిపోయింది. మా ఆయన చేతికి పట్టీతో కూర్చుని, ఎడమ చేత్తో టీ తాగారు. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి తెర చూపించారు. గుండెకు వెళ్లే మూడు రక్తనాళాలూ చివరిదాకా సన్నబడిపోయాయట. స్టెంటు వేయడానికీ, ఆపరేషన్‌కీ వీల్లేదట.

"మందులు వాడండి. బరువులు మాత్రం ఎత్తనివ్వొద్దు."

ఇంకెన్నాళ్లు ఉంటారని అడిగాను. డాక్టరుగారు తెర ఆపేశారు.

బస్సులో అంతా చెప్పాను. "అంత జబ్బయితే ఇంత తేలిగ్గా వదులుతారా?" అన్నారు మా ఆయన.

వీధిలోకి రాగానే పక్కింటాయన కేకేశాడు. "ఏరా, గుండె బాగు చేయించుకుని పొద్దుగూకేసరికి వచ్చేశావే! మా ఎద్దుకి లాడాలు కొట్టించినా ఇంకాసేపు పడుద్ది."

అందరికంటే ఎక్కువ మా ఆయనే నవ్వారు.

"అది పరీక్షేనండీ, వైద్యం కాదు," అన్నాను.

"చేతికేగా గుచ్చింది," అన్నారు అత్తయ్య. "రేపు లారీ వస్తుంది, బస్తాలెత్తాలి," అన్నారు మా ఆయన.

ఇసుక మూటతో రోజంతా పడుకోబెట్టి ఉంటే నమ్మేవారేమో. అలా కోరుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

తెల్లారి పిల్లలిద్దరినీ కల్లం దగ్గరికి తీసుకెళ్లాను.

"నాన్న బస్తా ఎత్తబోతే దాని మీదెక్కి కూర్చోండి," అన్నాను.

"నాన్న కొడితే?" అంది పెద్దది.

"కొట్టినా దిగొద్దు."